మట్టల ఆదివారం నాటి ఆలస్యం

మా సంఘంలో స్త్రీల సమాజం హాజరు పుస్తకం పద్నాలుగేళ్ళు నా దగ్గరే ఉంది. సంఘానికి సంవత్సరం జనవరిలో మొదలవదు. క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానితో, అంటే ఆగమన కాలంతో మొదలవుతుంది. నేనూ ఏటా ఆ ఆదివారమే కొత్త పుస్తకం తెరిచేదాన్ని. అంతకు ముందు వారం పాత పుస్తకంలో ఒక్కో వరుసా కూడి, కింద రెండు గీతలు గీసి, సంతకం పెట్టి, తారీకు వేసేదాన్ని. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పని సోమవారానికి మిగల్లేదు.

ఈ అలవాటు ఉద్యోగం నుంచి వచ్చింది. ఉక్కు కర్మాగారం టైమాఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. ఎవరు ఏ షిఫ్టుకి ఎన్ని గంటలకు వచ్చారో రాయడమే పని. మా ఆయన అక్కడే బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో చేసేవారు. ఉక్కునగరం క్వార్టర్లో ఉన్న రోజుల్లో ఆయన కూరలు తీసుకుని పది నిమిషాలు ఆలస్యంగా వస్తే నా చూపు గడియారం మీదికి పోయేది. "రాసేసినావేటే?" అని సంచి కింద పెట్టేవారు. రిటైరయ్యాక మల్కాపురంలో ఇల్లు కట్టుకున్నాం. గుడి రెండు వీధుల అవతల. చేరిన రెండో ఏడే నన్ను సమాజానికి కార్యదర్శిని చేశారు.

టైమాఫీసులో ఒక పద్ధతి ఉండేది. మూడు ఆలస్యాలు ఒక సెలవు కింద లెక్క. నేను ఆ పద్ధతిని సమాజంలోకి తెచ్చాను. ఆదివారం ఉదయం ఎనిమిదికి సమాజం, తొమ్మిదికి ఆరాధన. మొదటి పాట పూర్తయ్యేలోగా వచ్చినవాళ్ళకు టిక్కు. తర్వాత వచ్చినవాళ్ళకు ‘ఆ’ అనే అక్షరం, పక్కన ఎన్ని నిమిషాలో. మూడు ‘ఆ’లు కలిస్తే ఒక గైరుహాజరు. ఏడాదిలో పన్నెండు గైరుహాజర్లయితే పేరు కొత్త పుస్తకంలోకి ఎక్కదు. సంఘం పనిమీద వెళ్ళి ఆలస్యమైనవాళ్ళకు మాత్రం మినహాయింపు. ఈ నియమాలు మొదటి పుస్తకం అట్ట లోపలి వైపు నా చేత్తోనే రాసి ఉన్నాయి. ఎవరూ కాదనలేదు. సమాజం క్రమశిక్షణలో పడిందని అప్పటి పాస్టరుగారు మెచ్చుకున్నారు కూడా.

మొన్న నవంబరులో కళ్ళ డాక్టరు రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయని చెప్పాడు. నాకు డెబ్బై మూడు. పుస్తకాలు పాస్టరమ్మగారికి అప్పగించేద్దామనుకున్నాను. నవంబరు ముప్పై, ఆగమనం మొదటి ఆదివారం, అప్పగింత రోజు. అప్పగించేముందు పద్నాలుగు హాజరు పుస్తకాలనూ, సమావేశాల సంగతులు రాసే పద్నాలుగు మినిట్సు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి ఒకసారి సరిచూడాలి కదా. రోజుకు రెండేళ్ళ చొప్పున మొదలుపెట్టాను.

నవంబరు ఇరవై ఐదు, మంగళవారం, మధ్యాహ్నం భోజనం అయ్యాక మూడేళ్ళ కిందటి పుస్తకం దగ్గరికి వచ్చాను. మినిట్సులో మట్టల ఆదివారం పేజీ. ఈస్టరుకు ముందు ఆదివారం పిల్లలూ పెద్దలూ మట్టలు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు, ఆ ఏడు మట్టలు యారాడ నుంచి వచ్చాయి. నా చేతిరాతే: ‘మట్టలు కోయించి, మోపు కట్టి, ఆటోలో గుడికి చేర్చినందుకు యారాడ సభ్యురాలికి సమాజం కృతజ్ఞతలు.’ హాజరు పుస్తకంలో అదే తారీకు కింద, ఆవిడ వరుసలో, అదీ నా చేతిరాతే: ‘ఆ - 25.’

ఆవిడ చేపలమ్ముతుంది. యారాడ కొండకు అవతల, సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. ఆదివారం తెల్లవారగానే కొండ దిగి వచ్చి, సింధియా కూడలి దగ్గర గంప దించి అమ్ముకుని, గంప గుడి ప్రహరీ బయట బోర్లించి లోపలికి వచ్చేది. ఆదివారమే చేపకు గిరాకీ. అది నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఆ ఏడు యాభై రెండు ఆదివారాల్లో ఆవిడ ఒక్క ఆదివారం కూడా రాకుండా లేదు. ముప్పై ఆరు ఆదివారాలు ఆలస్యంగా వచ్చింది. ముప్పై ఆరుని మూడుతో భాగిస్తే పన్నెండు. పన్నెండు గైరుహాజర్లు. పేరు ఎక్కించలేదు.

మట్టల ఆదివారం తీసేస్తే ముప్పై ఐదు. పదకొండు గైరుహాజర్లు, రెండు ఆలస్యాలు మిగులు. అంటే నా నియమం ప్రకారమే ఆవిడ పేరు కొత్త పుస్తకంలో ఉండాలి. నాలుగుసార్లు కూడాను. ముప్పై ఐదే వచ్చింది.

లెక్క తప్పడం ఒక్కటే అయితే దిద్ది ఊరుకునేదాన్ని. ఆ ఏడు కొత్త పుస్తకం తెరిచిన పదకొండో రోజు, డిసెంబరు ఎనిమిది, గురువారం, ఆవిడ కూతురు చనిపోయింది. కామెర్లు. పంతొమ్మిదేళ్ళట. మా సంఘంలో సమాధి అయిన మూడో రోజున సమాజం ఆడవాళ్ళందరం ఆ ఇంటికి వెళ్తాం. దాన్ని ఆదరణ కూటం అంటారు. చనిపోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి మేమే వండి తీసుకెళ్తాం. పాడతాం, ప్రార్థన చేస్తాం, ఆ ఇంటావిడ పక్కన కూర్చుంటాం. దానికి బియ్యం మేం గుడికి తెచ్చే పిడికెడు బియ్యంలోంచే. ప్రతి ఇంట్లోనూ అన్నం వండేముందు ఒక పిడికెడు పక్కన తీసి, ఆదివారం గుడి డబ్బాలో పోస్తాం. ఆవిడా పోసేది. ఆవిడ తెచ్చిన కవరు నీచు వాసన వస్తుందని నేను దాన్ని విడిగా పెట్టించేదాన్ని. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పాస్టరుగారు, అమ్మగారు ఆ వారం పాడేరు వైపు సభలకు వెళ్ళారు. సమాధి చనిపోయిన రోజు సాయంత్రమే సంఘపెద్ద చేశారు. శుక్రవారం ఉదయం యారాడ నుంచి ఎవరో ఆడమనిషి నాకు ఫోను చేసింది. "అమ్మా, రేపు మీ సమాజం వోళ్ళు ఎన్నింటికొత్తారు?" అంది. నేను "ఉండమ్మా" అని ఫోను బల్ల మీద పెట్టి, పుస్తకం తీసి చూశాను. చూడాల్సిన అవసరం లేదు, పేరు లేదని నాకు తెలుసు. అయినా చూశాను. తర్వాత ఫోను తీసుకుని, "ఆవిడ ఈ ఏడు సభ్యురాలు కాదమ్మా. ఒకరికి నియమం తప్పితే అందరికీ తప్పాలి" అన్నాను. అవతల ఫోను పెట్టేశారు.

మేం వెళ్ళలేదు. ఆవిడ మళ్ళీ గుడికి రాలేదు. ఆ మూడేళ్ళలో ఆవిడ నాకు గుర్తుకొచ్చింది తక్కువ. గుర్తుకొచ్చినప్పుడు నియమం గుర్తుకొచ్చేది, దాంతో సర్దుకునేది.

నవంబరు ముప్పైన నేను పుస్తకాలు అప్పగించలేదు. సరిచూడడం పూర్తి కాలేదన్నాను. గుడిలో ఊదారంగు గుడ్డ పరిచారు, మొదటి వత్తి వెలిగించారు, అందరూ పాడుతున్నారు. నేను పుస్తకాల సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన "ఏటి, పుస్తకాలు మళ్ళీ మోసుకొచ్చినావు? వాటితోనే సమాధి సెయ్యమంటావేటి నిన్ను?" అన్నారు. ఇంకోరోజైతే నవ్వేదాన్ని.

డిసెంబరు ఏడు, ఆగమనం రెండో ఆదివారం. ప్రతి నెలా మొదటి ఆదివారం మాకు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు భోజనం ఉంటుంది. అందరూ వరుసల్లో లేచి వెళ్ళి బల్ల ముందు చెక్క కమ్మీ దగ్గర మోకరిస్తారు. ఎవరితోనైనా తగవు ఉంటే ముందు వెళ్ళి సమాధానపడి, అప్పుడు రమ్మన్న వాక్యం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. నేను ఎప్పుడూ ఇతరుల తగవుల్నే అనుకునేదాన్ని. మా వరుస లేచింది. మా ఆయన లేచారు. నేను లేవలేదు. ఆయన ఒక్కక్షణం నిలబడి, చెవి మెషీను సర్దుకుని, ఒక్కరే వెళ్ళారు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఒక్కరే ఆ బల్ల దగ్గరికి వెళ్ళడం అదే మొదలు. తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నారు.

మర్నాడు పాస్టరమ్మగారికి చెప్పాను. ఆవిడ నాకంటే ముప్పై ఏళ్ళు చిన్న. "ఆంటీ, అయిపోయిన సంగతి. ప్రార్థన చేసి దేవుడికి అప్పగించేయండి" అంది మంచిగానే. ప్రార్థన చేశాను. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట. మూడు రోజులు. కళ్ళు మూసుకుంటే ‘ఆ - 25’ కనిపించేది. ఒక లెక్క తప్పితే ఎవరి లెక్కో వాళ్ళకు చెప్పి దిద్దాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

డిసెంబరు పదకొండు, గురువారం. పొద్దున్న పదింటి బస్సు. నా మోకాలి నొప్పి చూసి మా ఆయన తోడొచ్చారు. బస్సు కొండెక్కి దిగితే సముద్రం, ఊరు. ఆయన బస్టాపులో టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నారు. నేను అడుగుతూ వెళ్ళాను. ఆవిడ ఇంటి ముందు వల పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. మూడేళ్ళ కిందట ఇంత తెలుపు లేదు.

"ఎవులు?" అని చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని చూసింది. "ఓలమ్మా, సెక్రట్రీ అమ్మగారే! కొండెక్కి మా ఊరొచ్చినావేటి?"

"నీతో ఒక మాట చెప్పాలి."

"సెప్పు. సేతులు కాళీ నేవు గాని సెవులు కాళీయే."

నేను నిలబడే పుస్తకం తెరిచాను. మట్టల ఆదివారం తారీకు చూపించాను. సంఘం పనిమీద ఆలస్యమైతే ఆలస్యం కాదన్న నియమం చెప్పాను. ముప్పై ఆరు, ముప్పై ఐదు, పన్నెండు, పదకొండు అన్నీ చెప్పాను. ఆవిడ నెత్తళ్ళు విడదీస్తూనే వింది. నేను ఆపాక అడిగింది.

"అంటే ముప్పయ్యారు కాదు, ముప్పయ్యైదు."

"అవును. పొరపాటు నాదే. నీ పేరు తీయాల్సింది కాదు."

"అదే ముప్పయ్యారయితే?"

నాకు అర్థం కాలేదు.

"ముప్పయ్యారూ నిజింగా ఆలీసెమే అయితే, నా గుంట సచ్చిపోయినప్పుడు మీరు రాపోడం తప్పు కాదన్నమాట. అంతేనా అమ్మా?"

ఆవిడ గొంతు పెంచలేదు. చేపల ధర అడిగితే చెప్పినట్టే అంది. పదహారు రోజులుగా నేను దేన్ని పట్టుకుని ఏడుస్తున్నానో ఆవిడ ఒక్క ప్రశ్నతో చేతిలోంచి తీసి పక్కన పడేసింది.

"ఆ పుస్తకంలో నానెన్ని గంటలకొచ్చినానో అంతా ఉన్నాది గదా?" అంది మళ్ళీ.

"ఉంది."

"నిమిసాలతో?"

"నిమిషాలతో."

"నా గుంట పేరేటో సెప్పు."

నేను పుస్తకం మూశాను. నాకు తెలియదు. ‘యారాడ ఆవిడ కూతురు’ అనే అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటూ వచ్చాను. ఆ పిల్ల మొహం కూడా నాకు గుర్తు లేదు. ఆవిడ మళ్ళీ వల మీదికి వంగింది. "ఎండెక్కుతాది. బస్సుందో నేదో సూసుకో అమ్మా" అంది.

తిరుగు బస్సులో మా ఆయన "ఏటన్నాది?" అని అడిగారు. చెవి మెషీను ఇంట్లోనే మరిచారు. మెల్లగా చెప్పాను, వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పాను. "ఏటీ?" అన్నారు. "వాళ్ళమ్మాయి పేరు అడిగిందండీ! నాకు తెలియలేదు!" అని అరిచాను. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. డ్రైవరు కూడా అద్దంలో చూశాడు. కొండ దిగాక ఆయన కిటికీ వైపు చూస్తూ, "సరిగ్గానే అడిగినాది" అన్నారు.

మూడో ఆదివారం, పద్నాలుగో తారీకు, సమాజంలో లేచి నిలబడి అంతా చెప్పాను. ఫోనులో నేనన్న మాటతో సహా. బియ్యం కవరు సంగతితో సహా. కొందరు "పోనీలెండమ్మా, పెద్దవారు" అన్నారు. వెనక వరుసలో నా ఈడుదే ఒకావిడ ఉంది, పోర్టులో స్వీపరుగా చేసి రిటైరైంది. ఆవిడ మాత్రం అలా అనలేదు.

"ఆవిడ సేపలమ్ముకుని వత్తాదని మాకందరికీ తెల్దేటమ్మా? ఆ శనారమే నాను కూర కూడా వొండేసినాను, ఎల్దామని. నువ్వు పేరు నేదన్నావని తెలిసి నాము తినేసినాము. నీతో ఎవులు సెప్తారు? సెప్తే మాకూ ‘ఆ’ ఏసేత్తావు!"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది, తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. నేను కూర్చున్నాను. పద్నాలుగేళ్ళు నేను క్రమశిక్షణ అనుకున్నదాన్ని వాళ్ళు భయం అనుకున్నారు. ముప్పై మంది ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా, ‘పుస్తకం మూసి పదండి’ అని నాతో అనే ధైర్యం రాకుండా చేశాను.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి గదిలో బాప్తిస్మాల రిజిస్టరు బీరువాలో కనిపించింది. ఆ పిల్ల పేరు అందులో ఉంటుంది. పుట్టిన తారీకు ఉంటుంది. బీరువా తాళం తీసే ఉంది. రిజిస్టరు మీద చెయ్యి వేశాను. చాలాసేపు వేసి ఉంచాను. తెరిస్తే రెండు నిమిషాల పని. కానీ ఆ పేరు కూడా ఒక పుస్తకంలో చూసుకుని వెళ్ళి అప్పజెప్తే, మళ్ళీ అదే పని చేసినట్టు. చెయ్యి తీసేశాను. ఆ వారం ప్రార్థనలో అరగంటలు పాటించడం మానేశాను. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, ‘ప్రభువా, ఆ పిల్ల నీకు తెలుసు, నాకు తెలియదు’ అని మాత్రం అనుకునేదాన్ని. నా నోటి నుంచి ఇంతకు ముందు ఎప్పుడూ ఇంత చిన్న ప్రార్థన రాలేదు. ఇంత నిజమైనదీ రాలేదనుకుంటాను.

పద్దెనిమిది, గురువారం, మళ్ళీ బస్సెక్కాను. ఈసారి పుస్తకం లేదు. సంచి కూడా లేదు. మా ఆయన చెవి మెషీను పెట్టుకున్నారు, నేను చూసి మరీ బయల్దేరాను. ఆయన మళ్ళీ టీ కొట్టు దగ్గరే ఉండిపోయారు.

ఆవిడ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మళ్ళీ ఏటి లెక్క తప్పినాది?"

"లెక్క కాదు. మీ అమ్మాయి పేరు నాకు తెలియదు. నువ్వే చెప్పు."

ఆవిడ లేచి, "లోపలికి రా" అంది.

ఒకటే గది. గోడకు పిల్ల ఫోటో. కళ్ళు పెద్దవి, పక్కకు చూసి నవ్వుతోంది. ఆవిడ పేరు చెప్పింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఎప్పుడు పుట్టిందో చెప్పింది. తారీకు తెలియదట. రేవులో తుపాను జెండా ఎనిమిదో నెంబరు ఎగరేసిన రోజట, ఆటో దొరక్క ఇంట్లోనే కన్నదట. ఏ సంవత్సరమో అడగబోయి నోరు మూసుకున్నాను. పిల్లకు చేపలో ముల్లంటే భయమట. "సేపలోళ్ళ గుంటకి ముల్లంటే బయ్యమేటే అని ఊరంతా ఏడిపించీవోరు" అంది. సముద్రం అన్నా భయమే. మోకాలి లోతు దాటి వెళ్ళేది కాదు. గాజువాకలో కాలేజీలో చదివింది. గుడిలో వెనక గోడకు ఆనుకుని నిలబడి పాడేది, ముందు వరుసలోకి రమ్మంటే సిగ్గట. నేను ముందు వరుసలో పుస్తకం మీద తలవంచుకుని కూర్చునేదాన్ని. వెనక్కి తిరిగి ఉంటే కనిపించేది.

"మూడో రోజు," అంది ఆవిడ. అని ఆగింది. "మూడో రోజు ఇల్లు కడిగినాను. మాకున్నది ఒకటే సాప. మీరు ముప్పై మందొత్తారు కదా అని నాలుగిళ్ళకెల్లి సాపలడిగి తెచ్చి పరిసినాను. ఇక్కడ రెండు, అరుగు మీద మూడు. గళాసులు కడిగి బోర్లించినాను. మా ఆడబిడ్డ ఫోను సేసి అడిగినాదట, మీరు రానన్నారని నాకు సెప్పనేదు, బయ్యపడి. నాను సాయంత్రం దాకా సాపలు ఎత్తనేదు. బియ్యం కోసం కాదమ్మా. మీరొచ్చి కూకుంటారని."

నేను ఏడవలేదు. ఏడవడానికి నాకు హక్కు ఉందనిపించలేదు. ఆవిడ మూలనున్న చాప తీసి నేల మీద విదిల్చి పరిచింది. నా మోకాళ్ళు చూసి "పీట తేనా?" అంది. వద్దన్నాను. గోడ పట్టుకుని, ఒక కాలు చాపి, ఎలాగో కూర్చున్నాను. ఆవిడ నా ఎదురుగా కాదు, పక్కన కూర్చుంది. ఆదరణ కూటంలో ఇంటావిడ పక్కనే కూర్చోవాలి. నేను నేర్పాల్సిన పని కాదు, ఆవిడకే తెలుసు.

"పాడు" అంది. పిల్లకు ఇష్టమైన క్రిస్మసు పాట ఏదో చెప్పింది. నాకు ఆ పాట వచ్చు. మొదటి చరణం ఎత్తుకున్నాను. ఆవిడ అందుకుంది. ఇద్దరం రెండు శ్రుతుల్లో పాడాం. తర్వాత ప్రార్థన చేయాలి. పద్నాలుగేళ్ళలో ఎన్నో ఇళ్ళలో చేశాను, వరుసగా వచ్చే మాటలు ఉంటాయి నాకు. ఒక్కటీ రాలేదు. ‘ప్రభువా’ అన్నాను, ఆ పిల్ల పేరు అన్నాను. మళ్ళీ ‘ప్రభువా’ అన్నాను. అంతే. అలాగే ఉండిపోయాం. ఎంతసేపని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నా గుండెల మీద మూడు వారాలుగా ఉన్న బరువు పోయిందని చెప్పను. కానీ ఆ గదిలో అది నా ఒక్కదాని మీదే లేదనిపించింది. దాన్ని మోస్తున్నవాడు ఇంకొకడు ఆ చాప మీదే ఉన్నాడనిపించింది. ఇంతకంటే సరిగ్గా చెప్పలేను.

కళ్ళు తెరిచాక, "నన్ను క్షమించు" అన్నాను. లెక్క గురించి కాదని వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు.

"చెమించినానని సెప్పనేనమ్మా," అంది. "అబద్దం అయిపోతాది. దేవుడి ముందర కూకుని అబద్దం ఆడకూడదు గదా."

"సరే."

"కోపమూ నేదు. ఒకప్పుడుండీది. ఇప్పుడు ఏటుందో నాకే తెల్దు."

"ఆదివారం మళ్ళీ ప్రభు భోజనం ఉంది. క్రిస్మసుకు ముందని పెట్టారు. కిందటిసారి నేను వెళ్ళలేదు. ఈసారి వెళ్ళొచ్చా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నన్నడుగుతావేటి? నానాపితే ఆగుతావేటి?"

"ఆగుతాను."

ఆవిడ నా మొహం చాలాసేపు చూసింది. నేను నిజం చెప్తున్నానా లేదా అని వెతికినట్టుంది. చేపల బేరంలో ఎన్నో మొహాలు చూసిన మనిషి.

"ఎల్లు," అంది చివరికి. "రొట్టె సేతిలో పడ్డాక నా గుంట పేరు సెప్పుకో. మింగీముందర సెప్పుకో. నీ నోట ఒక్కసారైనా దాని పేరు రావాల ఆ గుడిలో."

నువ్వూ రా అని అడగాలనుకున్నాను. అడగలేదు. రమ్మని పిలవడానికి నేనెవర్ని, ఆ గుడి నాదైనట్టు. లేవడానికి నాకు చెయ్యి ఇచ్చింది. చెయ్యి గరుగ్గా, ఉప్పు పట్టి ఉంది. బస్టాపు దాకా వచ్చింది. మా ఆయన్ని చూసి, "మావా, మీ ఆవిడ్ని నడిపించకు, ఆటో మాటాడుకో. మోకాళ్ళు అరిగిపోయినాయి" అంది. ఆయన "నా మాట ఇంటాదేటమ్మా" అన్నారు. ఆవిడ కొంచెం నవ్వింది. ఫోటోలో పిల్ల నవ్వినట్టే, పక్కకు చూసి.

ఇరవై ఒకటి, నాలుగో ఆదివారం. నాలుగు వత్తులూ వెలుగుతున్నాయి. ఉదయం సమాజంలో పుస్తకాలు పాస్టరమ్మగారికి ఇచ్చేశాను. అట్ట లోపల రాసిన నియమాలను కొట్టెయ్యమంటారా అని అడిగితే, "మీరే కొట్టెయ్యండి ఆంటీ" అని పెన్ను ఇచ్చింది. కొట్టేశాను. గీత వంకరగా వచ్చింది. దిద్దలేదు.

ఆరాధనలో మా వరుస లేచింది. మా ఆయన లేచి నా వైపు చూశారు. నేను లేచాను. కమ్మీ దగ్గర మోకరించడానికి చాలా కష్టమైంది. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. నా కుడిపక్కన పోర్టు స్వీపరమ్మ మోకరించింది. యారాడ ఆవిడ క్షమించలేదు. నేను వెళ్తున్నాను. ఇది సరైనదేనా అని అక్కడ కూడా నాకు అనుమానమే. క్షమాపణ అన్నీ సరిచూసి, సరిపోయాక ఇచ్చేదైతే నాకు ఎప్పటికీ రాదు. ఆ బల్ల దగ్గర ఎవరికీ అలా ఇవ్వరని డెబ్బై మూడేళ్ళుగా వింటున్నాను. ఆ రోజు మొదటిసారి అడుక్కునేదానిలా చెయ్యి చాపాను.

పాస్టరుగారు రొట్టె నా అరచేతిలో పెట్టారు. నేను పేరు చెప్పాను. మనసులో అనుకున్నాననుకున్నాను, కానీ పైకే వచ్చినట్టుంది. పాస్టరుగారు ఒక్కక్షణం ఆగారు. నా పక్కనున్న స్వీపరమ్మ కళ్ళు మూసుకునే, ఆ పేరు మళ్ళీ అంది. ఆవిడకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

నేను రొట్టె నోట్లో పెట్టుకున్నాను.